తొట్టిలో మిగిలిన నీళ్ళు

మొన్న మా చిన్న మనవరాలి నిశ్చితార్థానికని నన్ను మెట్‌పల్లి రోడ్డు మీద కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు తీసుకుపోయారు. మోకాళ్ళ నొప్పుల ముసలిదాన్ని నేరుగా ఏసీ కింద కూర్చోబెట్టి, "ఇక్కడ చల్లగా ఉంటది నానమ్మా" అని చెప్పి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎదురుగా గోడకు ఒక మోట బొక్కెన వేలాడదీశారు. దానికి బంగారు రంగు పూసి, పైన ఒక చిన్న లైటు కూడా పెట్టారు. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. "ఇదేందో ఎర్కేనా?" అని ఒక పిల్లను అడిగితే "డెకరేషన్" అంది. 

చలికి ఆగలేక మెల్లగా వెనక వరండాలోకి వచ్చి కూర్చున్నాను. అక్కడ హాలు మేనేజరూ, మా బంధువు ఒకాయనా ప్రహరీగోడ వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నారు. గోడ చక్కగా వచ్చి వచ్చి, ఒకచోట లోపలికి వంగి, మళ్ళీ బయటికి పోయి, మళ్ళీ చక్కగా సాగింది.

"గింత ఖర్చు పెట్టి కట్టిండ్రు, గోడ గట్ల వంకర పెట్టుడేంది?" అని మా బంధువు అడిగాడు.

"ఏం జేస్తం సార్, కాయితంలనే గట్లున్నది. గా అంచుకు సన్నటి పట్టీ ఒకటి మనది కాదట. పాత పాత కాయితాల కెళ్ళి గదే రాసుకుంట వస్తుండ్రు. ఎవలదో ఎవలకు ఎర్కలే. గది ఇడిసి కట్టుకోమన్నరు. వాస్తు చూసెటాయినయితే గా గోడను చూసి నెత్తి కొట్టుకున్నడు" అన్నాడు మేనేజరు.

అప్పుడు గుర్తుపట్టాను నేను ఎక్కడ కూర్చున్నానో. రోడ్డు మారింది, గుట్ట మాయమైంది, కొబ్బరి చెట్లు తెచ్చి పాతారు. అయినా ఆ వంకరను నేను మరిచిపోలేదు. అది మా మేనత్త నడిచిన అడుగు.  చాలా ఏళ్ళ తర్వాత ఆమెను తలుచుకుని నేను ఏడ్చాను, అదీ నిశ్చితార్థం పూట.

మేనత్తకు పేరుంది గానీ పేరుపెట్టి పిలిచినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. అందరికీ ఆమె "బాయికాడామె". మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆమె. ఆమెకు పిల్లలు లేరు. నా పుట్టిల్లు అంటే ఆమె ఇల్లే, ఇల్లంటే ఆ బావే. ఆమె ఎప్పుడూ "నా భూమి" అనలేదు, "మా పొలం" అనలేదు. "బాయి కింద పసుపు పెట్టిన", "బాయి కింద మక్క వేసిన" అనేది. బావి పైనున్న లోకం ఆమెకు పట్టేది కాదు.

మోట తెలియని ఈ కాలం వాళ్ళకు ఒక్క మాట చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. మోట అంటే రెండెడ్లు మోకుకు కట్టుకుని వాలుదారిలో కిందికి నడుస్తాయి, బొక్కెన బావిలోంచి పైకొచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తుంది. తర్వాత ఎడ్లు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పైకెక్కాలి. కిందికి పోయేటప్పుడు తోలేవాళ్ళు మోకు మీద కూర్చుని పాట పాడొచ్చు, మాట్లాడొచ్చు. వెనక్కి ఎక్కించేటప్పుడు మాత్రం నోరు మూసుకుని ఎడ్ల మీదే కన్ను పెట్టాలి. ఒక్క అడుగు తప్పితే ఎడ్లు బావిలోనే పడతాయి.

మామ పోయాక ఆమె కాసె బిగించి ఆ మోకు మీద కూర్చుంది. ఆడది మోట తోలుడేందని ఊరు నవ్వింది. ఆమె నవ్వనిచ్చింది. అయితే అన్నేళ్ళు మోట తోలీ తోలీ ఆమె మాటే మోటలాగా తయారైంది. సగం మాట చెప్పి ఆగేది. ఎడ్లు వెనక్కి ఎక్కేంత సేపు ఆగేది. ఆ తర్వాత మిగిలిన సగం వచ్చేది. ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నా అదే తీరు. మా ఆయన పెళ్ళయిన కొత్తలో మొదటిసారి వచ్చినప్పుడు, వాకిట్లో పదిమంది ఉండగా, ఆయన్ను ఎగాదిగా చూసి "అల్లుడు మంచోడే గని..." అని ఆగింది. ఆయన ముఖం మాడిపోయింది. అందరూ తలొంచుకున్నారు. ఆమె లేచి కుండలో నీళ్ళు ముంచి, తాగి, చెంబు బోర్లించి, అప్పుడు అంది: "...బక్కగున్నడు. జర తినవెట్టు బిడ్డా." మా ఆయన బతికినంత కాలం ఆ మాట చెప్పుకుని నవ్వాడు.

కొత్తవాళ్ళు ఆమె ఆగిన చోటే మాట అయిపోయిందనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పెద్ద పెద్ద గొడవలు అట్లా అయ్యాయి.

ఇంకో అలవాటు, ఎవరింటికి పోయినా ముందు నీళ్ళు అడిగేది. మొదటి గుక్క నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, వాకిట్లో ఉమ్మేసి, "ఉప్పు తలిగింది", "కింద సున్నపురాయి ఉన్నది" అనేది. పెళ్ళిళ్ళలో కూడా అంతే. పెళ్ళివాళ్ళు కోప్పడేవాళ్ళు. తన బావి నీళ్ళ గురించి మాత్రం ఏమీ అనేది కాదు. తాగి కళ్ళు మూసుకునేది, అంతే.

ఆ బావిని తవ్వింది మా ఊళ్ళోనే ఉండే లచ్చవ్వ అనే ఆమె మొగుడు. వడ్డెరవాళ్ళు. రజాకార్ల గొడవలు సద్దుమణిగిన తర్వాత మామ ఆ బావి పని మొదలుపెట్టాడట. సగం లోతుకు పోయేసరికి బండ తగిలింది. చేతిలో ఉన్నది అయిపోయింది. కూలివాళ్ళంతా వెళ్ళిపోయారు. లచ్చవ్వ మొగుడు ఒక్కడే దిగి, ఆ బండను గడ్డపారతో, సుత్తెతో పగలగొడుతూ పోయాడు. నీళ్ళు పడ్డ రోజు మామ బావిగట్టు మీద నిలబడి మాట ఇచ్చాడు. బావి కింద వంపులో ఉన్న రాళ్ళ ముక్క నీది, మోట విప్పినాక తొట్టిలో మిగిలిన నీళ్ళు నీవి అని. తొట్టి నుంచి ఆ ముక్కకు ఒక సన్నని కాలువ తీశారు. అది బావి దగ్గర వంకర తిరిగి, పొలం అంచు వెంబడి పోయి, లచ్చవ్వ మిరప మడుల్లో కలిసేది.

మిగిలిన నీళ్ళు అంటే నిజంగా మిగిలినవే అనుకునేరు. మేనత్త ఎడ్లను విప్పే ముందు ప్రతి పూటా ఒక మోట ఎక్కువ లాగేది. ఎడ్లు అలిసిపోయి నురగలు కక్కుతున్నా, "లచ్చవ్వ మోట ఒక్కటున్నది, నడువుండ్రి నాయినా" అని వాటిని బతిమాలేది. తొట్టి నిండా నింపి, అప్పుడు కింది రంధ్రానికి బిగించిన గడ్డిచుట్ట లాగేది. నీళ్ళు బుడబుడమంటూ కాలువలోకి పోయేవి. అవతల లచ్చవ్వ పార పట్టుకుని సిద్ధంగా ఉండేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కూడా కాదు. నీళ్ళు పోయేవి, నీళ్ళు అందేవి.

ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేళ్ళకు, నా పెద్దకొడుకు కడుపున పడి కాన్పుకు వచ్చి నేను మేనత్త దగ్గర ఉన్నాను. ఆ ఎండాకాలమే ఎడ్లల్లో ఒకటి చచ్చిపోయింది. మామ తమ్ముళ్ళు, అంటే ఆమె మరుదులు, ఎప్పటి నుంచో ఆ బావి మీద కన్నేసి ఉన్నారు. పిల్లలు లేని విధవకు బావి ఎందుకని వాళ్ళ లెక్క. అంగట్లో కొత్త ఎద్దు కొనడానికి ఆమె దగ్గర పైసా లేదు. జోడీకి ఎద్దును ఎవరూ ఇవ్వొద్దని ఊరంతా తిరిగి చెప్పొచ్చారు మరుదులు. ఊరు వాళ్ళ మాట విన్నది. పసుపు మొక్క అప్పుడే లేచి నిలబడుతోంది. నీళ్ళు లేక ఆకు అంచులు చుట్టుకుపోవడం మొదలైంది.

అప్పుడు లచ్చవ్వ, ఆమె మొగుడు వచ్చారు. మేనత్తతో కలిసి ముగ్గురూ మోకును భుజాల మీద వేసుకుని లాగారు. ఎద్దు ఒకవైపు, మనుషులు ఒకవైపు. నేను చంటిపిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుని చూస్తూ ఏడ్చాను. లచ్చవ్వ భుజం తోలు లేచి రక్తం కారుతుంటే రవికె మీద గుడ్డ కట్టుకుని మళ్ళీ లాగింది. పసుపు బతికింది. అయితే మనుషులు ఎన్నాళ్ళు లాగుతారు?

ఆ వారంలోనే మేనత్త, అన్నం తింటూ తింటూ, "అమ్ముత" అంది. నేను ముద్ద పట్టుకుని ఆగిపోయాను. కంచం కడిగి బోర్లించి వచ్చి, "...గని గీ దొంగలకు గాదు" అంది.

అప్పట్లో కోస్తా నుంచి రైతులు వచ్చి మా వైపు బావుల కింద భూములు కొంటున్నారు. వాళ్ళల్లో ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, ముతక పంచె, చేతిలో గొడుగు. మేనత్త ఆయనకు పొలం చూపించలేదు. ముందు బావి నీళ్ళు ఇచ్చింది. ఆయన గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని, మింగి, ఏమీ అనకుండా చెంబు మళ్ళీ చాపాడు. మేనత్త నా వైపు తిరిగి "గీయన ఎవుసం చేసినాయినే" అంది. అంతే, మిగతా బేరం వాళ్ళిద్దరూ కూర్చుని సాఫీగా తెంపుకున్నారు. ఎంతకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మరుదులకు నిద్ర పట్టలేదు. బేరం చెడగొట్టాలని ఆయన దగ్గరికి పోయి, ఆ బావి నీళ్ళ మీద వడ్డెరోళ్ళకు హక్కు ఉంది, రేపు కోర్టుకు పోతే నువ్వు మునుగుతావ్ అని చెప్పారు. మరునాడే ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మగారూ, నీళ్ళ మీద ఇంకొకరికి హక్కు ఉందంటున్నారు. ఉంటే చెప్పెయ్యండి, నేను మానుకుంటాను, తప్పేం లేదు. లేకపోతే రేపు హద్దు తొక్కేటప్పుడు నలుగురి ముందు లేదని ఒక్క మాట అనండి. నాకది చాలు."

మేనత్త సరేనన్నట్టు తలూపింది. ఆయన పోయాక గడప మీద కూర్చుండిపోయింది. ఉందంటే బేరం పోతుంది, భూమి మరుదుల చేతికి పోతుంది. వాళ్ళు కాలువను పూడ్చేస్తారు, అది ఎటూ తప్పదు. లేదంటే లచ్చవ్వ నోట్లో మన్ను కొట్టినట్టే. నేను చూస్తున్నాను, ఆమె చేతిలో మట్టిగడ్డ ఒకటి తీసుకుని నలుపుతూ కూర్చుంది.

పొద్దు వాలుతుంటే లచ్చవ్వే వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు.

"లేదని చెప్పక్కా. మాకేం, ఎట్లనో బతుకుతం. గాళ్ళ చేతుల వడితే నువ్వే ఉండవు. చెప్పు, నాకేం రంది లేదు, బాధ లేదు."

"నీకు రంది లేదు" అంది మేనత్త. చాలాసేపు ఆగింది. లచ్చవ్వకు ఆ తీరు తెలుసు, అందుకే నిలబడే ఉంది. "...నాకున్నదే."

హద్దు తొక్కడం అంటే మా వైపు అప్పటి పద్ధతి ఒకటి ఉండేది. భూమి అమ్మినవాళ్ళు బావి నీళ్ళు చెంబులో పట్టుకుని ముందు నడవాలి, ప్రతి హద్దురాయి మీద కొంచెం నీళ్ళు పోయాలి. కొన్నవాడు వెనకే వాళ్ళ అడుగులో అడుగు వేస్తూ నడవాలి. ఊరి పెద్దలు వెనకాల. అమ్మిన మనిషి అడుగు ఎటు పోతే హద్దు అటే. కాగితం రాసేవాడు తర్వాత అదే రాస్తాడు.

తెల్లారి అందరూ బావి దగ్గర పోగయ్యారు. మేనత్త చెంబు ముంచగానే పెద్ద మరిది అడ్డం వచ్చాడు.

"నువ్వెట్ల పడ్తవ్ వదినా? గాజుల్లేని చేత్తోని హద్దు తొక్కుతరా ఎక్కడన్న? ఇటియ్యి, నేను నడుస్త."

పెద్దలు కూడా గొణిగారు. ఆయన చేతిలో చెంబు పెడితే హద్దు ఎటు నడుస్తుందో అందరికీ తెలుసు.

"గీ బాయి నీళ్ళు గిన్నేండ్ల సంది ఎవల చెయ్యి తోడింది?" అని మేనత్త అడిగింది. ఈసారి ఆగలేదు. "అప్పుడు లేని అరిష్టం ఇప్పుడొచ్చిందా?"

కోస్తా ఆయన గొడుగు మడుచుకుంటూ, "ఆవిడనే నడవనివ్వండయ్యా. నాకమ్మేది ఆవిడ కదా" అన్నాడు. మరిది పక్కకు జరిగాడు.

నడిచింది. రాయి రాయికీ నీళ్ళు పోస్తూ, వంగి ఒక్కో రాయిని అరచేత్తో తడుముతూ నడిచింది. మూడు వైపులా చక్కగానే వచ్చింది. నాలుగో వైపు, కాలువ ఉన్న వైపు వచ్చేసరికి కాలువకు ఇవతలి గట్టు ఎక్కింది. కాలువను బయట వదిలేసి గట్టు మీద నడుస్తూ వచ్చి, బావి దగ్గర కాలువ ఎక్కడ వంకర తిరుగుతుందో అక్కడ తానూ వంకర తిరిగి, తొట్టి మొదట్లో చెంబు ఖాళీ చేసింది. వెనకాల కోస్తా ఆయన, ఆయన వెనకాల పెద్దలు, అందరూ ఆ వంకర తిరిగారు. 

పెద్దమనిషి ఒకాయన అడగవలసిన మాట అడిగాడు. "ఏమమ్మా, గీ భూమి మీద, గీ నీళ్ళ మీద ఇంకెవలకన్న హక్కున్నదా?"

"మీరు తొక్కిన దాని మీద ఎవ్వలకు లేదు" అంది మేనత్త.

మరుదుల ముఖాలు పడిపోయాయి. లచ్చవ్వ వంపులో తన మడి దగ్గర నిలబడి తలొంచుకుంది. జనం కదలబోయారు. నేను మాత్రం కదల్లేదు. ఆమె కళ్ళు ఎడ్లు వెనక్కి ఎక్కుతున్నప్పుడు ఉండే తీరున ఉన్నాయి. అందరూ రెండడుగులు వేశాక మిగిలిన సగం వచ్చింది.

"...కాల్వను నేను తొక్కలే."

మరుదులు ఒక్కసారి అరిచారు. మోసమన్నారు, బేరం చెల్లదన్నారు. కోస్తా ఆయన మాత్రం వెనక్కి తిరిగి తాను నడిచి వచ్చిన వంకరను చూసుకున్నాడు. "ఆ కాలువలోకి ఎన్ని నీళ్ళు పోతాయమ్మా?" అని అడిగాడు.

"మోట ఇప్పినంక తొట్టిల మిగిలినయి. గంతనే."

ఆయన నవ్వాడు. "మిగిలినవేనా? దానికింత బాధపడ్డారా? ఇచ్చానమ్మా. తొట్టిలో మిగిలిన నీళ్ళ జోలికి నేను రాను. నలుగురూ వినండి."

ఆ రోజు మేనత్త నవ్వడం చూశాను. లచ్చవ్వ గట్టెక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కాలువ వదిలేసి మెట్‌పల్లిలో కాగితం రాశారు. గెలిచామనుకున్నాం. ఊళ్ళో అందరూ అట్లాగే అనుకున్నారు, మరుదులు సైతం.

మరు ఎండాకాలం నేను పిల్లాణ్ణి తీసుకుని మళ్ళీ పోయాను. ఊరి చివరికి రాగానే ఏదో టకటకమని మోత. బావి గట్టు మీద ఇంజను పెట్టాడాయన. లావుపాటి గొట్టం ఒకటి బావిలోకి దిగింది, ఇంకొకటి నేరుగా పసుపు మడుల్లోకి పోయింది. వాలుదారి నిండా గడ్డి. తొట్టి లేదు. దాని రాళ్ళు తీసి ఇంజను కింద దిమ్మె కట్టాడు.

మేనత్త నన్ను చూసి కూడా పలకరించలేదు. పిల్లాణ్ణి మాత్రం ఎత్తుకుని, "తొట్టి లేదు బిడ్డా" అంది.

ఆమె ఆయన దగ్గరికి పోయి అడిగింది, నేను కూడా పక్కనే ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాడు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మంచం వేసి కూర్చోమన్నాడు. "తొట్టిలో మిగిలినవి తీసుకోమన్నానమ్మా, కాదనలేదు. ఇంజనుకు తొట్టెందుకు చెప్పండి? ఒక్క చుక్క వృథా పోదు, అందుకేగా ఇంత పోసి కొన్నాను. ఆవిడను మా పొలంలో పనికి రమ్మనండి, రోజూ కూలిస్తాను." ఆయన మాట ఆయన తప్పలేదు. ఆ రోజు నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక నా కొడుకు వీపు మీద ఒకటేశాను.

 ఇంటికొచ్చాక గోడకు ఆనుకుని కూర్చుంది. "బాయి నీళ్ళల్ల వంతు అని అంటే సరిపోతుండె. తొట్టి అన్న. నా నోరు మోట దాటి పోలే బిడ్డా." ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. మోట లేని బావి ఉంటుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఊళ్ళో ఎవరికి తెలుసు? మామకు తెలుసా, మాట తీసుకున్న లచ్చవ్వ మొగుడికి తెలుసా? నీళ్ళంటే మోటే, మోటంటే తొట్టే. నేను ఎంత చెప్పినా ఆమె వినలేదు.

కొన్నాళ్ళు చేద పట్టుకుపోయి, ఆయన్ను అడిగి, చేత్తో తోడి కాలువలో పోసింది. ఆ నీళ్ళు సగం దూరం కూడా పోకుండానే మన్ను తాగేసింది. లచ్చవ్వ వచ్చి చేతిలో తాడు గుంజుకుంది. "ఇడిసిపెట్టక్కా, నీ బొక్కలు ఇరుగుతయి. నేనేమన్న అడిగిన్నా నిన్ను?" అని ఏడ్చింది. అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. మేనత్తను తినేసింది అదే. ఒక్కసారి తిట్టి పోసి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేదేమో.

మిరప ఎండిపోయింది. లచ్చవ్వ కొన్నాళ్ళు ఆ పసుపులోనే కూలికి పోయింది, తర్వాత కొడుకులు బొగ్గుబాయిలో పనికి కుదిరితే మొగుడితో కలిసి అటే వెళ్ళిపోయింది. పోయే రోజు మేనత్త ఆమె కొంగులో పసుపు కొమ్ములు కట్టింది. 

తర్వాత కూడా మేనత్త ప్రతి ఎండాకాలం పార భుజాన వేసుకుని పోయి ఆ కాలువ తీసేది. గడ్డి చెక్కేది, పూడిక ఎత్తేది, గట్టు మెత్తేది. చుక్క నీరు రాని కాలువ, అవతల మనిషి లేని మడి. పిచ్చిదైందని మరుదులు ఊరంతా చెప్పారు. నేనూ ఒకసారి ఉండబట్టలేక, "ఎవలి కోసమే అత్తా?" అన్నాను. పార ఆపకుండానే జవాబు చెప్పింది. "నాది గదా. తొక్కకుండ ఉంచుకున్న గదా." వేరే ఊళ్ళో నీళ్ళు రుచి చూడడం కూడా మానేసింది. ఏవి ఇస్తే అవి తాగేది. అది చూసినప్పుడే నాకు భయం వేసింది, ఈ మనిషి ఎక్కువ కాలం ఉండదని.

ఉండలేదు. పోయే ముందు నేను దగ్గరే ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని స్పష్టంగానే అంది: "లచ్చవ్వ అడిగితే..."

ఆగింది. నేను ఎదురు చూశాను. నోట్లో నీళ్ళు పోసి మళ్ళీ ఎదురు చూశాను. ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలుపెడితే, ఆగండి ఆగండి, ఇంకా చెప్తది అని వాళ్ళ మీద అరిచాను. వాళ్ళు నన్ను పక్కకు తీసుకుపోయారు.

ఆ సగం మాట ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా ఆ వరండాలో కూర్చుని తలుచుకున్నాను. భోజనాలయ్యాయి. చేతులు కడుక్కోవడానికి లేచాను. హాలు వెనక, ఆ వంకర గోడకు ఆనించి, పొడుగ్గా తొట్టి కట్టారు, వరసగా నల్లాలు. వందల మంది చేతులు కడుగుతున్నారు. ఆ నీళ్ళన్నీ తొట్టిలో పడి ఎటు పోతున్నాయా అని వంగి చూశాను. గోడ మొదట్లో ఒక చిన్న రంధ్రం, దాంట్లోంచి అవతలికి.

కర్ర పట్టుకుని గేటు చుట్టూ తిరిగి, మెల్లగా గోడ అవతలికి పోయాను. ఒకామె కూర్చుని చిన్న పారతో మట్టి మలుపుతోంది. గోడ వెంబడి సన్నని కాలువ, కొత్తగా తీసింది. దాని చివర నాలుగు మడుల పుంటికూర, పక్కన మిరప మొక్కలు. నన్ను చూసి ఉలిక్కిపడి లేచింది.

"సబ్బు నీళ్ళు గదనే, చెట్లు చావయా?" అన్నాను.

"ఏం గాదవ్వా, మంచిగనే వస్తున్నయి" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మేనేజరు సారుకు చెప్పకవ్వా. మేం గీ ఊరోళ్ళం గాదు, మా ఆయన ఈడ వాచ్‌మన్. ఉత్తగ పోయే నీళ్ళే గని, ఎవలన్న అడిగితే ఏం జెప్పాలెనో నాకు తెల్వది."

నేను గోడ పట్టుకున్నాను.  "ఎవలన్న అడిగితే..." అని ఆగాను. ఆ పిల్ల తొందరపడలేదు. పార పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"...మా అత్త ఇచ్చిందని చెప్పు."

"ఏ అత్త అవ్వా?"

"గీ గోడను వంకర తిప్పినామె" అన్నాను.